పచ్చగానే ఉండాదన్నా

దామోదరం కారుకు ఊళ్లోవాళ్లు నేలనాకుడు బండి అని పేరు పెట్టారు. అరవైరెండు మోడల్ ఫియట్. మద్రాసులో ఎవరో డబ్బున్న మనిషి సోకు కోసం ముందు స్ప్రింగులు రెండేసి చుట్లు కోయించి, వెనక కమాన్ పట్టీలు సాపు చేయించి దాన్ని నేలకు దించాడట. సోకు తీరాక అమ్మేశాడు. అది నాలుగు చేతులు మారి, తడ దాటి, డెబ్బై ఆరులో తిరుపతి రైల్వే స్టేషను ముందరి టాక్సీ స్టాండుకు చేరింది. గతుకు వస్తే చాలు, పొట్ట రోడ్డుకు గీసుకునేది.

నేను గంగాధరాన్ని. రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు నాది. బండి కిందికి దిగి పని చేయడానికి ఒక గుంత, నాలుగు జాకీలు, దురుసు నోరు, ఇవే నా ఆస్తి. ఆ కారును మొదటిసారి గుంత మీదికి ఎక్కించిన రోజే నా మనసు కీడు శంకించింది. అబద్ధమెందుకు, ఆ మాట పైకి అన్నాను కూడా.

"దీన్ని మళ్లీ పైకి లేపాలప్పా. ఇట్లనే తిప్పితే ఎప్పుడో ఒకనాడు నిన్ను మింగుతాది."

దామోదరం నవ్వాడు. ముప్పై ఆరేళ్లవాడు, బక్కపలుచటి మనిషి. బస్సుకు క్లీనరుగా మొదలై, పదేళ్లు లారీ తోలి, ఆ కూడబెట్టినదంతా ఈ బండిలో పోశాడు. పెళ్లి ఊసెత్తితే, "ఇంటికి ఒక దించిన బండి చాలన్నా, ఇంకొకరొస్తే పొట్ట గీసుకుంటాది" అనేవాడు. కొండకు వచ్చిన ముసలివాళ్లను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, దిగేటప్పుడు చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెట్టేవాడు. నాకు తెలిసి స్టాండులో అలాంటివాడు ఇంకొకడు లేడు.

ఆ బండిని పైకి లేపనివ్వకపోవడానికి కారణం వాళ్లమ్మ సుబ్బులమ్మ. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. కాలు జానెడు కంటే పైకి లేవదు. బస్సు మెట్టు ఎక్కలేదు, అంబాసిడరులోకి ఇద్దరు ఎత్తి పెట్టాలి. ఈ బండిలోకి మాత్రం వెనక్కి తిరిగి సీటు మీద కూలబడి, కాళ్లు రెండూ తనే లోపలికి లాక్కునేది. నెలకోసారి వేలూరు డాక్టరు దగ్గరికి అలా మహారాణిలా పోయొచ్చేది.

"అమ్మ తనకు తానుగా ఎక్కే బండి ఊర్లో ఇదొక్కటేనన్నా. పైకి లేపితే ఆమెను మళ్లా మూటలాగా మొయ్యాల. అదే ఆమెకు సావు" అన్నాడు.

డెబ్బై ఎనిమిది అక్టోబరులో, ఐప్పసి నెల పుట్టగానే, వానలు పట్టే ముందు, షాకబ్జర్లు నాలుగూ పోయాయి. స్ప్రింగు ఎగిరితే దాన్ని పట్టి ఆపేది షాకబ్జరే. అది లేకపోతే చక్రం రోడ్డు మీద బంతిలా గెంతుతుంది. కంపెనీవి కొత్తవి దొరుకుతాయి గానీ, అవి మామూలు ఎత్తు బండికి. దించిన బండికి అవి పొడుగైపోయి, గుంతలో పడ్డప్పుడల్లా లోపలి కడ్డీ అడుగుకు గుద్దుకుని నెలకే పగులుతాయి. బండిని లేపి కంపెనీవి వేస్తే నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోదును. లేపవద్దంటే మిగిలింది ఒకటే దారి. పాతవి కోసి, పొట్టిగా అతికించి, నూనె నింపి రంగు వేసి అమ్మేవాడు మద్రాసులో ఒకడున్నాడు. కొత్తవాటి ధరలో సగం కూడా కాదు.

పార్సిల్ వచ్చింది. విప్పి చేత్తో నొక్కి చూశాను. మూడు బిగువుగా దిగాయి. నాలుగోది దిగింది గానీ, దిగేటప్పుడు సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు.

"ఇది నాకు నచ్చలేదప్పా. తిప్పి పంపిద్దాం."

"పదైదు దినాలు పడతాదన్నా. ఎల్లుండి అమ్మకు వేలూరు పోవాల. వేసెయ్యి, నీ చేతి చలవ ఉంటే అదే పనిచేస్తాది."

పొగిడితే పడిపోయే గుణం నాది. బిగించేశాను. ఎడమ ముందు చక్రం దగ్గర ఆ ఈల వేసిన దాన్ని పెట్టాను.

బిగించాక నాదొక పద్ధతి ఉంది. ముందువైపు షాకబ్జర్లు చక్రం తిప్పితే కనబడతాయి. వాటి మీద పొడి పసుపు మందంగా అద్ది, పైన కుంకుమబొట్టు పెడతాను. చూసేవాళ్లు భక్తి అనుకుంటారు. అది భక్తి కాదు. సీలు నుంచి నూనె చుక్క కారినా పసుపు తడిసి నల్లబడుతుంది. నూనె కారినట్టు కంటికి తెలియకముందే పసుపు చెప్పేస్తుంది. ఇది నా సొంత తెలివి. పక్క షెడ్లవాళ్లకు తెలిస్తే నా గొప్పేముందని ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. దామోదరానికి కూడా ఇంతే చెప్పాను.

"ఆ పసుపు పచ్చగా ఉన్నన్నాళ్లూ నీకు భయం లేదు. రంగు మారితే ఆ దినమే నా దగ్గరికి రా."

ఎందుకని అతను అడగలేదు. ఎందుకో చెబితే నా నోటి ముత్యాలు రాలిపోయేవా? రాలిపోయేవి కావు. అయినా చెప్పలేదు.

వారం తర్వాత స్టాండుకు పోయి అడిగాను. "పసుపు ఎట్లుండాది?"

"పచ్చగానే ఉండాదన్నా."

రెండో వారం అదే మాట. మూడో వారం అదే మాట. బండి మాత్రం ఆ మాట చెప్పడం లేదు. షెడ్డు ముందు నుంచి పోతుంటే ఎడమ చక్రం దగ్గర ధన్‌మని ఒక మోత వినబడేది. సుత్తి చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాణ్ని. నీ చెవులకు వయసొచ్చిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ని.

కార్తీకమాసంలో మూడురోజులు ముసురు పట్టింది. నాలుగోనాడు టీ బంకు దగ్గర దామోదరం కారు కనబడితే, వంగి స్వయంగా చూశాను. పసుపు పచ్చగా మెరుస్తోంది. వేలు పెడితే వేలికి అంటింది. మూడురోజుల వానలో, ఆ బురదలో తిరిగిన బండికి నెలనాటి పసుపు వేలికి ఎలా అంటుతుందని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇంతలో షెడ్డులో లారీవాడు వచ్చి కూర్చున్నాడని కబురొచ్చింది. వేలు ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాను. ఆ వేలును ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటాను.

ఆ వచ్చిన శుక్రవారం దామోదరం పుత్తూరులో ఒక కుటుంబాన్ని దింపి, ఖాళీ బండితో తిరిగి వస్తున్నాడు. పగలు పదకొండు గంటలు. వడమాలపేట దగ్గర వానకు కోసుకుపోయిన కల్వర్టు. ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. వేగమేమీ లేదట. గతుకులో పడి లేచిన ముందు చక్రం మళ్లీ నేలకు ఆనలేదట, మూడుసార్లు గెంతి పక్కకు లాగేసి చింతమానుకు కొట్టుకుందట. నేను వెళ్లేసరికి దామోదరాన్ని తీసుకుపోయారు. ప్రాణం అక్కడే పోయిందన్నారు. సీటు కింద ఎవరో ముసలామె మరిచిపోయిన చెప్పులజత ఒకటి ఉంది.

బండిని షెడ్డుకు లాక్కొచ్చి, ఆ ఎడమ షాకబ్జరును ఊడదీశాను. లోపల నూనె చుక్క లేదు. పైన మాత్రం పచ్చటి పసుపు. స్క్రూడ్రైవరుతో గీకాను. పసుపు కింద నల్లటి జిడ్డు, దాని కింద మళ్లీ పసుపు, మళ్లీ జిడ్డు. ఏటేటా సున్నం కొట్టిన పాతగోడ పెచ్చు ఊడినట్టు పొరలు పొరలుగా వచ్చింది.

దామోదరం కర్మాంతరం అయిన మర్నాడు సుబ్బులమ్మ దగ్గరికి పోయాను. గడప పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేను అడగకముందే చెప్పింది.

"నువ్వు పెట్టిన పసుపు వారం తిరక్కముందే నల్లబడింది నాయనా. పచ్చగా ఉంటే భయం లేదని నువ్వన్నట్టు వాడు సెప్పినాడు గదా, వాడి బండికి ఎవురి దిష్టో తగిలిందనుకున్నా. వాడు సూస్తే బెదురుకుంటాడు గదా, స్టీరింగు పట్టే చెయ్యి వణికితే ఎట్లా? అందుకే వాడు లేసేలోపల నేనే పాక్కుంటా పోయి, పాత గుడ్డతో పైపైన తుడిసి కొత్తది పూసేదాన్ని. కూకుంటే నా చెయ్యి సరిగ్గా ఆడికే అందుతాది. ఒక్కనాడు కూడా తప్పలేదు నాయనా. వానలో కూడా పూసినాను."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నేను పూసింది సాలలేదా? ఇంకా మందంగా పూసుండాల్నా? నువ్వు పనిమంతుడివి, నిజం సెప్పు."

నిజం చెప్పాలంటే ఆ పసుపు ఎందుకు పెట్టానో చెప్పాలి. నెల కిందట ఒక్క ముక్కలో చెప్పి ఉండాల్సిన మాట అది. ఇప్పుడు చెబితే ఆమె కొడుకు చావును ఆమె చేతికే అంటగట్టినట్టవుతుంది.

"నువ్వు పూసింది సాలిందమ్మా. నీ తప్పేం లేదు. నేను వేసిన సామానే మంచిది కాదు" అన్నాను. అదీ నిజమే.

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. పక్కనున్న పసుపు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది.

"సగానికి పైన ఉండాది. నీ షెడ్డుకు వచ్చే బండ్లకు పూయి నాయనా. వాళ్లకూ అమ్మలుంటారు గదా."

ఇప్పుడు నేను ఏ బండికి పసుపు పెట్టినా, పెట్టింది దేవుడికి కాదని, నూనె కారితే తెలియడానికని, నల్లబడితే తుడవొద్దని, ఈ మాట వాళ్లింట్లో ఆడవాళ్లకు కూడా చెప్పమని డ్రైవర్లకు అరిచి మరీ చెబుతాను. గంగాధరానికి చాదస్తం ముదిరిందని నవ్వుకుంటారు. ఆ డబ్బా షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. మూత తియ్యడానికి మాత్రం నాకు ఇంతవరకు చెయ్యి రాలేదు.