అయ్యవారి మీసం

పోయిన నెల మా ఆయన సరదాకు మీసం తీయించుకొని వచ్చాడు. పై పెదవి మీద పటిక తడి ఇంకా ఆరలేదు. నేను ఆ ముఖం చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ప్రొద్దుటూరులో మా నాయన ప్రైవేటు బడి నడిపేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఒక ఆదివారం పొద్దున మా లెక్కల అయ్యవారు బస్సు దిగుతూ కనిపించారు. మీసం లేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా తాత పోయినప్పుడు నాయన అచ్చం అలాగే ఉన్నాడు. ఇంటికి పరుగెత్తి, "అయ్యవారి నాయన సచ్చిపోయినాడు" అని చెప్పేశాను.

పలకరించి రావాలని నాయన అయ్యవారి సొంతూరు జమ్మలమడుగు వెళ్లాడు. ఆ పెద్దాయన నిక్షేపంగా మగ్గం నేస్తున్నాడట. "రా సామీ! మావోడు నాటకమాడను పులివెందులకు పోయినాడు. ఆడయేసం కడితే వాన్ని మించినోడు లేడు" అని మురిసిపోయాడట.

మరునాడు, ఇంక బడికి రావద్దన్నారని తెలిసి అయ్యవారు మా వాకిట్లో నిలబడ్డారు.

"చీర కట్టి ఎగిరేటోని దగ్గరికి పిల్లోళ్లను ఎవురు పంపిస్తారప్పా?" అన్నాడు నాయన.

"ఇంక ఆడను సామీ. ఇంట్లో పసిపిల్లోళ్లుండారు. మీసం పెంచుకుంటా, శానా దినాలు పట్టదు" అంటూ అయ్యవారు పై పెదవిని చేత్తో కప్పుకున్నారు.

నాయన లోపలికి వెళ్లిపోయాడు.

మీసం మొలవగానే వస్తారనుకొని, రోజూ మొదటి గంటకు బడి గేటు వైపు చూసేదాన్ని.

మా ఆయనకు పదిహేను రోజుల్లో మొలిచింది.