నాన్న కుర్చీలో ఇంద్రేశం ఆమె

చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నమైతే మా పటాన్‌చెరు క్వార్టర్‌లో టీవీ ముందు పదిమంది చేరేవాళ్లం... పదకొండో మనిషి గడప అవతల కూర్చునేది.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె. పక్కనున్న ఇంద్రేశం ఊరి నుంచి నడిచి వచ్చేది కాబట్టి కాలనీ అంతా ‘ఇంద్రేశం ఆమె’ అనేవాళ్లం. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండానే పెంచుకున్నాం కదా మన మర్యాదల్ని! ఊడ్వడానికైతే హాల్లోకి రావచ్చు. కూర్చోడానికి మాత్రం గడప బయట.

అప్పట్లో ఒక దొరల ఇంటి కథతో ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. మాటలు మాలో ఎవరికీ సరిగా అర్థమయ్యేవి కావు. అందరూ దొరసాని గౌన్లు చూసేవాళ్లు. ఇంద్రేశం ఆమె మాత్రం ఆ ఇంట్లో పనిమనిషి వేషం వేసిన ముసలావిడనే చూసేది. పొడుగు చుబుకం, బక్క చేతులు... మూల నుంచి వచ్చి, టీ పెట్టి, మూలకే పోయే వేషం.

"ఇయ్యాల మా ఆమె రాలేదేంది బిడ్డా?" అని నన్నే అడిగేది.

అమ్మా నాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీ ఉద్యోగులు. కోస్తా నుంచి వచ్చినవాళ్లం, చుట్టాలెవరూ దగ్గర లేరు. నేను బడి నుంచి వచ్చాక వాళ్లు వచ్చేదాకా ఇంట్లో నేనూ, ఆమే. పని కాగానే నాన్న పేము కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చునేది.

"నాన్న కుర్చీ అది!" అన్నాను మొదటిసారి.

"మీ నాయిన కుర్సీ ఉన్నకాడ మా జొన్నచేను ఉండె. నా చేన్ల నేను కూసున్న... తప్పేంది?"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ రెండు గంటల కోసమే నేను బడి నుంచి పరుగెత్తుకుని వచ్చేదాన్ని.

ఒక ఆదివారం... సీరియల్‌లో దొరలంతా బయటికి పోయారు. ఆ ముసలావిడ గది తుడిచి, అటూ ఇటూ చూసి, దొరగారి కుర్చీలో కూర్చుంది. కళ్లు మూసుకుంది. బయట గంట మోగగానే లేచి, దిండు మీద పడ్డ గుంటను అరచేత్తో సాపు చేసింది.

గడప అవతల నుంచి పెద్ద నవ్వు. "అచ్చం నా తీరే!"

"ఏంటి నీలాగా?" అంది అమ్మ.

"నేను గూడ గట్లనే కూసుంట గదమ్మా, సారు కుర్సీల... మీరు డూటీకి పోయినంక!"

పక్కింటి ఆంటీ కిసుక్కుమంది. "బాగుందండీ, మీ ఇంట్లో ఇద్దరు సార్లు!"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. అందరూ వెళ్లాక నన్ను పిలిచింది. "నిజమేనా? నువ్వు చూశావా?"

లేదని చెప్పి ఉంటే అది నవ్వులాటగానే పోయేది. నేను మంచిపిల్లను కదా... "చూశాను. రోజూ కూర్చుంటుంది" అన్నాను. రోజూనా అని అమ్మ అడగలేదు. ఆ మాట నేనే కలిపాను.

మర్నాడు పొద్దున్నే పనికి వచ్చిన ఆమెను అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఇక నుంచి రావద్దులే."

"అయ్యో, నవ్వులాటకన్న అమ్మా! కావాల్నంటే బిడ్డనడుగున్రి" అని ఆమె నా వైపు చూసింది. ధైర్యంగా చూసింది.

"దాన్నే అడిగాను" అంది అమ్మ.

ఆమె కొంగు దోపుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత నా మెడలో దారానికి కట్టిన తాళంచెవి... తాళం తీస్తే ఖాళీ ఇల్లు. ఆ కుర్చీలో నేనే కూర్చుని చూశాను. కాళ్లు నేలకు అందేవి కావు. సీరియల్ ఇంకొన్ని వారాలు వచ్చింది. గడప అవతల నవ్వడానికి ఎవరూ లేరు.

"ఆ రోజులే బాగుండేవి" అని పోస్టులు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి బాగుండేవండీ? గడపకు ఏ పక్కన కూర్చున్నవాళ్లకి? అమ్మనొక్కదాన్ని అనేసి చేతులు దులుపుకోవడం తేలికే. నేను చదివిన పుస్తకాలు, ఎక్కిన వేదికలు, చేసిన వాదనలు అన్నీ కలిపినా ఆ "రోజూ" అన్న మాట వెనక్కి రాదు.

ఈమధ్య ఆ సీరియల్‌లో పనిమనిషి వేషం వేసిన నటి కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. గంటలోపే దొరికింది! బ్రిటన్‌లో ఏదో మిల్లుల ఊరు. చాకలిపని చేసే తల్లి. పద్నాలుగేళ్లకే పెద్దింట్లో పనిపిల్ల, ఆ తర్వాత ఊరూరా తిరిగే నాటకాల కంపెనీ. బతుకంతా పనిమనిషి, నర్సు, పేద మేనత్త... ఒక్కసారి కూడా కథానాయిక కాలేదు. అయినా వేసిన ప్రతి వేషం రాసిపెట్టారు. ఆ కుర్చీలో అలా కూర్చోవడం ఆవిడకు ఎవరూ నేర్పి ఉండరని అది చదివాక అర్థమైంది.

తర్వాత ఇంద్రేశం వెళ్లాను. అన్నీ కొత్త లేఅవుట్లు, కొత్త గేట్లు. ఒక టీ కొట్టు ముందు నిలబడితే, పెద్దాయన అడిగాడు... "ఎవలు కావాలమ్మా? పేరు చెప్పు."

చెప్పలేకపోయాను. మేమెప్పుడూ అడగలేదు.

మీ చిన్నప్పుడు మీ ఇంట్లో పనిచేసిన ఆమె గుర్తుందా? అయితే కింద ఆమె పేరు రాయండి. ఊరి పేరు కాదు... ఆమె పేరు.