మెల్లగా నడిచేవాళ్ళు ముందు

మా అత్తగారు సిటీ బస్సు నడుపుతారు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నా మొహంలోకి చూస్తారు, నవ్వొచ్చా కూడదా అని. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని వాళ్ళు తేల్చుకునేలోపే రెండో మాట కూడా చెప్పేస్తాను: ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ బస్సు ఒక్క సైకిల్‌ని కూడా గీరలేదు. నేనైతే మా దుకాణం ముందు స్కూటర్ నిలపడానికి పక్కవాళ్ళ సాయం అడుగుతాను. పెయింట్ల దుకాణంలో రంగులు కలపడం నా ఉద్యోగం. పెళ్ళయ్యేదాకా సెలవు రోజున నాకున్న సమస్యల్లా మంచం మీద ఏ పక్కకు తిరిగి పడుకోవాలన్నదే.

పెళ్ళయ్యాక మొదటి ఆదివారం అత్తవారింటికి వెళ్ళాను. కొత్త అల్లుణ్ణి కదా, కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డిస్తారని ఇంట్లో టిఫిన్ కూడా మానేసి మరీ వెళ్ళాను. మా అత్తగారు గుమ్మంలోనే నా భుజానికి ఒక బరువైన సంచీ తగిలించారు. "ఆ చెప్పులతో కుదరదు అల్లుడుగారూ, మీ మామగారి బూట్లు వేసుకోండి. పదండి" అన్నారు. మా ఆవిడ అప్పటికే బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. మామగారు ఫ్లాస్కు పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నారు. ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఆయన ఉన్నారంటే టీ ఉందని గుర్తు. ఆ రోజు వాగు వెంబడి నడిచి నడిచి నా తల ప్రాణం తోకకొచ్చింది. సంచీలోంచి బ్రెడ్డు వాసన ముక్కుకు తగులుతూనే ఉంది గాని ముక్క మాత్రం చేతికి రాలేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. చేరాల్సిన చోటికి చేరేదాకా బ్రెడ్డు కొయ్యరు.

ఆ బ్రెడ్డు సంగతి కూడా చెప్పాలి. శనివారం డ్యూటీ దిగి రాగానే మా అత్తగారు యూనిఫారం చేతులు పైకి మడిచి పిండి కలపడానికి కూర్చుంటారు. ఆ వేళప్పుడు ఎవరైనా పలకరిస్తే సమాధానం రాదు. పొద్దుటినుంచీ హారన్లు విన్న చెవులకు అదే విశ్రాంతి అంటుంది మా ఆవిడ. బస్సు బయటికి తీసేముందు టైర్లు తట్టి చప్పుడు వినడం ఆవిడ అలవాటు. ఓవెన్‌లోంచి తీసిన బ్రెడ్డునీ అలాగే బోర్లించి, అడుగున వేళ్ళతో తట్టి, తల వంచి వింటారు. చప్పుడు నచ్చకపోతే మళ్ళీ లోపలికి తోస్తారు. ఆ ఓవెన్ పాతది, దానికి ఎడమ పక్క కోపం ఎక్కువ. అందుకని ప్రతి బ్రెడ్డూ ఒక పక్కకు ఒరిగి, నిద్ర లేచిన పిల్లాడి జుట్టులా ఉంటుంది. కోస్తే లోపలంతా దూది. బజారులో కొన్న బ్రెడ్డు ఇప్పుడు నా గొంతు దిగదు.

రెండో నియమం నడకది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడవాలి. మిగతావాళ్ళు ఎంత చురుకైనవాళ్ళయినా వాళ్ళను దాటి పోకూడదు.

నాకు మొదట ఇది చాదస్తంగా తోచింది. అడిగితే ఆవిడ తాపీగా వివరించారు. చురుకైనవాళ్ళు ముందు పోతే ఏమవుతుంది? ఎక్కడో నీడ చూసుకుని కూర్చుంటారు, అలుపు తీర్చుకుంటారు. వెనకపడ్డవాళ్ళు రొప్పుకుంటూ వచ్చేసరికి, "హమ్మయ్య, వచ్చారు కదా, పదండి" అని లేస్తారు. అంటే ఎవరు ఎక్కువ అలసిపోయారో వాళ్ళకే కూర్చునే భాగ్యం ఉండదు. ఇన్నేళ్ళుగా నేను చూసిన విహారయాత్రలన్నీ కళ్ళముందు తిరిగి, ఇంత చిన్న విషయం ఎవరికీ ఎందుకు తట్టలేదా అనిపించింది. ఇంతకీ ఆ రోజుల్లో ముందు నడిచింది నేనే. నాకు కూతురు పుట్టి, దానికి నడక వచ్చి, ఆ స్థానం అది తీసుకున్నాక గాని నాకు ప్రమోషన్ రాలేదు.

ఇలా ఉండగా మా నాన్న పోయారు. అమ్మ మా దగ్గరికి వచ్చేసింది.

మా నాన్నది రైలు అందుకోబోయేవాడి నడక. పని ఉన్నా లేకపోయినా అదే వేగం. ఎక్కడికి వెళ్ళినా ఆయన ముందు, అమ్మ వెనక. కాస్త ఆగమని ఆవిడ అనలేదు, ఆగాలని ఆయనకు తోచలేదు. సంతలోనైనా, పెళ్ళిలోనైనా ఆ వీపు కనిపిస్తూ ఉంటే చాలు, అమ్మకు దారి తెలిసినట్టే. ఆ వీపు లేకుండా పోయాక ఆవిడ గడప దాటడం మానేసింది. ఒకసారి, వీధి చివరిదాకా అలా వెళ్ళొద్దాం రమ్మని బతిమాలాను.

"ఎవరి వెనక నడవాలిరా?" అంది.



ఇంట్లో కూర్చుని అమ్మ క్రోషా పట్టుకుంది. సూది, ఊలు ఉండ, కిటికీ పక్క కుర్చీ. ముందు టీవీకి తొడుగు అల్లింది. తర్వాత మిక్సీకి, ఫ్యానుకి, ఇస్త్రీ పెట్టెకి, రిమోటుకి, చివరికి ఉప్పు డబ్బాకి కూడా. మా ఇంట్లో వస్తువులన్నీ మాకంటే మంచి బట్టలు వేసుకున్నాయి. పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం, అది వేరే మాట. కానీ కాళ్ళు వాచేవి. ఇలాగే కూర్చుంటే మోకాళ్ళు పూర్తిగా బిగుసుకుపోతాయనీ, ఆ తర్వాత నడిపించాలన్నా నడవలేరనీ డాక్టరు గట్టిగానే చెప్పింది. మేం ఎన్ని విధాల చెప్పినా అమ్మ పట్టిన పట్టు విడవలేదు. ఆవిడ బయటికి అడుగు పెడుతుందా, లేక ఆ కుర్చీలోనే ఉండిపోతుందా అన్నదే ఆ ఏడాదంతా మా ఇంట్లో బెంగ.

మా అత్తగారు ఒకరోజు డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు. ఇల్లంతా ఒకసారి కలయజూసి, ఉప్పు డబ్బాని చేతిలోకి తీసుకుని, తొడుగు అంచు వేలితో తడిమి, ఇంత సన్నటి అల్లిక తన జన్మలో చూడలేదన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. మళ్ళీ వెంటనే, "ఇంట్లో కప్పడానికి ఇంకేం మిగిలింది వదినగారూ? మాకు నీళ్ళ సీసాలు భుజానికి తగిలించుకునే సంచీలు కావాలి. అల్లిపెట్టండి" అన్నారు. అమ్మ వారం తిరక్కుండా ఇంటిల్లిపాదికీ అల్లేసింది. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. రంగులు కలిపేది నేనైనా, ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో అమ్మే నాకు చెప్పాలి. మా అత్తగారు అవి చూసి మురిసిపోయారు. కానీ పట్టీ సాగుతుందో లేదో నడిస్తేనే తెలుస్తుందనీ, అల్లినవాళ్ళు పక్కనుండి చూడకపోతే లోపం ఎక్కడుందో తమకెలా తెలుస్తుందనీ అన్నారు. తన అల్లికలో లోపం అన్న మాట అమ్మకు గుచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గుమ్మంలో నిలబడింది.

వెళ్ళింది ఊరి చివరి గుట్టకి. పైన నీళ్ళ ట్యాంకు, దాని పక్కన సిమెంటు బెంచీలు. మెలికలు తిరిగిన కాలిబాట. పొద్దున పూట వ్యాయామానికి వచ్చేవాళ్ళు చకచకా ఎక్కి దిగుతూ ఉంటారు. కింద నిలబడగానే అమ్మ అలవాటు చొప్పున అందరికీ వెనక్కి పోయి నిలుచుంది. మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బాట మొదట్లో నిలబెట్టారు. "మీరు ముందు నడవండి వదినగారూ" అన్నారు.

అమ్మ వద్దు వద్దంటూనే పమిట సర్దుకుంది. వియ్యపురాలికి మర్యాద తెలుసునని నా చెవిలో చెప్పింది. మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నోరు మూసుకున్నాం. అమ్మ వెనక నా కూతురు, దాని వెనక మా ఆవిడ, తర్వాత నేను, ఫ్లాస్కుతో మామగారు, అందరికంటే వెనక మా అత్తగారు. మా అమ్మ తల ఎత్తుకుని నడుస్తోంది. మోకాలు సలిపినప్పుడల్లా ఆగి, ఆగినందుకు సాకుగా ఏదో ఒక పువ్వును చూపించేది. ఆవిడ ఆగితే అందరం ఆగేవాళ్ళం.

సగం దూరం అలా హాయిగా గడిచింది. అప్పుడు నా కూతురు సంబరం పట్టలేక నోరు విప్పింది.

"నానమ్మా, నువ్వు ప్రతిసారీ వస్తావా? నువ్వొస్తే నేను ముందు నడవక్కర్లేదు. ఇదివరకు నాకంటే మెల్లగా నడిచేవాళ్ళే లేరు, అందుకే అమ్మమ్మ నన్ను ముందు పెట్టేది."

అమ్మ ఆగింది. ఈసారి పువ్వేమీ చూపించలేదు. బాట పక్కన ఉన్న బండమీద కూర్చుంది.

"నా కుంటి నడక చూసి ముందు పెట్టారన్నమాట. నేను మర్యాద అనుకున్నాను" అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. మేం వెళ్ళి రావాలట, దిగేటప్పుడు తనను తీసుకెళ్తే చాలట. మా ఆవిడ కూతురి జబ్బ పట్టుకుని ఒక్క గిల్లు గిల్లింది. ఈ రోజు ఇలా తిరిగి ఇంటికి పోతే, అమ్మ మళ్ళీ ఆ కుర్చీలోంచి లేవదు. నాకు తెలుసు. నడక చూసి కాదు, మర్యాదకే ముందు పెట్టారని ఏదో అబద్ధం ఆడబోయాను.

మా అత్తగారు నన్ను చేత్తో వారించి ముందుకొచ్చారు. ఓదార్చలేదు. "మెల్లగా నడుస్తారనే పెట్టాను. నిజమే" అన్నారు. నా భుజాన ఉన్న సంచీ తీసుకుని, చాప ఆ బాట పక్కనే పరిచి, బ్రెడ్డు బయటికి తీసి, కత్తి పట్టుకున్నారు.

మామగారు ఫ్లాస్కు కింద పెట్టి నోరు వెళ్ళబెట్టారు. కుండపోత వానలో కూడా తడుస్తూ పైదాకా వెళ్ళి, అక్కడ గొడుగు కింద బ్రెడ్డు కోసిన మనిషి ఆవిడ. దారిలో కొయ్యడం మేమెవరమూ చూడలేదు.

"పైకి వెళ్ళాక కదా కోస్తారు మీరు?" అంది అమ్మ.

"ముందున్నవాళ్ళు ఎక్కడ ఆగితే మాకదే పైన. ఈ బండి మీది వదినగారూ, నేను ప్యాసింజర్ని."

"అయితే రేపు నేను మా ఇంటి గుమ్మంలోనే చతికిలబడితే?"

"గుమ్మంలోనే కోస్తాను."

ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే కోస్తారని అమ్మకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఈ కుటుంబం ఎంత దూరం పోవాలో తేల్చే పని మా అత్తగారు మా అమ్మ చేతిలో పెట్టేశారు. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మను అలాంటి మాట అడిగినవాళ్ళు లేరు.

అమ్మ ఆ కత్తిని చూసింది, పైకి పోయే బాటను చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యి మోపి, ఇంకో చెయ్యి మనవరాలి భుజమ్మీద వేసి లేచింది.

"లోపల పెట్టండి. ఇప్పుడే కోస్తే ముక్కలు ఎండిపోతాయి" అంది.

మళ్ళీ నడక మొదలైంది. ఇప్పుడు అమ్మ సాకులు వెతకలేదు. ఆగాలనిపిస్తే ఆగింది, నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ కదిలింది. వెనకనుంచి నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి, కాస్త తప్పుకోండి పెద్దమ్మా అన్నారు. మేక ఎదురొచ్చినా పక్కకు తొలిగే మనిషి మా అమ్మ. ఆ రోజు బాట మధ్యనుంచి కదల్లేదు.

"అటు పక్కన జాగా ఉంది నాయనా" అంది.

వాళ్ళు గడ్డిలోంచి చుట్టూ తిరిగి పోయారు. నేను వెనక్కి చూశాను. రద్దీ రోడ్ల మీద లారీలను కూడా పక్కకు నెట్టే మా అత్తగారు, మా అమ్మ చెప్పుల చప్పుడుకి అడుగు కలిపి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వస్తున్నారు. ఆవిడ మొహంలో ఎక్కడా విసుగు లేదు. ఆవిడకు అల్లుణ్ణయినందుకు, ఈవిడకు కొడుకునైనందుకు నాకు ఛాతీ ఉప్పొంగింది. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది గాని, నా వెనకున్నది మామగారు.

చివరి మెలిక తిరగ్గానే ట్యాంకు కనిపించింది. అక్కడ బాట కాస్త నిటారుగా ఉంటుంది. అమ్మ పక్కనున్న కంచె పట్టుకుని ఎక్కింది. చదునైన నేలమీద రెండు కాళ్ళూ మోపి నిలబడింది. అందరికంటే మెల్లగా నడిచే మనిషి అందరికంటే ముందు చేరింది. ఆ ముక్క ఆవిడకు కూడా అప్పుడే తట్టినట్టుంది. గిరుక్కున వెనక్కి తిరిగి, ఇంకా ఎక్కుతూ ఉన్న మా అందరినీ పైనుంచి కిందికి చూసింది. ఎదురుగా మా మొహాలన్నీ వరసగా పైకి వస్తున్నాయి.

"ఏమిటర్రా, ఇంత ఆలస్యం చేశారు?" అంది.

నాన్న పోయాక అమ్మ హాస్యమాడటం అదే మొదలు. మా ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది. తన పై అధికారికి కూడా ఏనాడూ సంజాయిషీ చెప్పుకోని మా అత్తగారు చెమట తుడుచుకుని చేతులు జోడించారు.

"తప్పయింది వదినగారూ. వచ్చే ఆదివారం మీతోపాటే చేరతాం."

అమ్మ బెంచీ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ తలెత్తింది.

"వచ్చే ఆదివారం ఎక్కడికి?" అని అడిగింది.