మా ఊళ్లో ఆ ఏడు పండినవి సీళ్లే

ఇది ఒక హత్య కథ. కంగారు పడకండి, చచ్చింది మనుషులు కాదు. మూడు ఇంజన్లు, తొంభై చిల్లర చీనీచెట్లు, ఊళ్లో నాకున్న కాస్త పరువు. అన్నింటికీ ఆయుధం ఒకటే, నా చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూస్తుండే స్క్రూడ్రైవరు. హంతకుణ్ణి నేనే అని ఒప్పుకుంటున్నాను కాబట్టి విచారణతో పనిలేదు. నేరుగా నేరం దగ్గరికే పోదాం.

అరవైల్లో మాట. కుందుర్పి పక్కన మా పల్లె. మేఘాలు మా ఊరి మీద నీడ మాత్రం వేసి, పావగడ వైపు పోయి కురిసేవి. అలాంటి నేలలో మా నాయన రెండొందల చీనీమొక్కలు, అంటే బత్తాయి, నాటాడు. అందరూ పిచ్చివాడన్నారు. ఐదేళ్లు సాకాడు. ఆ వేసవిలో చెట్లు మొదటిసారి కాపుకొచ్చాయి. గోళీలంత పిందెలు. నేను చెయ్యి చాస్తే "ముట్టుకోవద్దురా, రాల్తాయి" అని కసిరేవాడు, తను మాత్రం రోజూ పొద్దున్నే చెట్టుచెట్టుకూ తిరిగి వేలి వెనక వైపుతో ఒక్కో పిందెను తాకి వచ్చేవాడు. ఆయనకు అంతకుమించిన సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

అంతవరకూ ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన ఊళ్లోకి ఆ ఏడే ఆయిలింజన్లు వచ్చాయి. ఒకే లారీలో, ఒకే రోజు, నాలుగు. ఒకటి మాది. ఒకటి పంచాయతీ ప్రెసిడెంటుది. ఒకటి పక్క చేను రామాంజినిది. నాలుగోది తిప్పక్కది. తిప్పక్క మొగుడు పోయాక రెండెకరాల మడిని ఒంటిచేత్తో చేసుకొస్తున్న మనిషి. ఇంజను కోసం పాడి ఆవుల్ని అమ్ముకుంది.

ఇంజన్లు బిగించడానికి కంపెనీ తరఫున అనంతపురం నుంచి బషీర్ సాబు అనే మిస్త్రీ వచ్చాడు. పని అయ్యాక మమ్మల్నందర్నీ బావి గట్టు మీద నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"చూడండప్పా. ఇంజను మితిమీరి ఉరక్కుండా ఈ స్ప్రింగు పట్టుకోనుంటాది. దీని మరకు తీగె కట్టి సీసం బిళ్ల వేసినాం. ఇదే సీలు. ఏడాది లోపల ఇంజనుకు ఏమొచ్చినా కంపెనీదే పూచీ. సీలు తెగిందా, గ్యారంటీ ఖతం. నా కాళ్లు పట్టుకున్నా లాభం లేదు."

"సీలు మింద కాకి వాలితే?" అంది తిప్పక్క.

"వాలనీలేమ్మా. కాకికాడ స్క్రూడ్రైవరు ఉండదు గదా" అంటూ బషీర్ సాబు నా జేబు వంక చూశాడు.

చూడడం ఆయన తప్పు కాదు. నేను హిందూపురంలో ఒక లేతు షెడ్డులో సరిగ్గా రెండు నెలలు పనిచేసి వచ్చాను. అందులో నెలన్నర టీలు తేవడానికే పోయింది. మిగిలిన పదిహేను రోజుల్లో ప్రపంచంలోని యంత్రాలన్నీ నాకు అర్థమైపోయాయి. ఇరవై ఒకటో ఏట ఎవరికైనా అలాగే అర్థమవుతాయి.

వైశాఖం వచ్చేసరికి బావిలో నీళ్లు కిందికి పోయాయి. పైపులోంచి పడే ధార మణికట్టంత ఉండేది, బొటనవేలంత అయింది. దీనికి మందు ఊళ్లో అందరికీ తెలుసు. పంపు నీళ్లు పీల్చే లోతుకు ఒక హద్దుంటుంది. నీళ్లు దిగితే ఇంజన్ను కూడా వాటి వెనకే దించాలి. బావి గోడలో ఇంజను కూర్చునేందుకు కొత్త గట్టు తొలిచి, పదిమంది మోకులు పట్టి దించాలి.

"దించుదాం పద. మనుషుల్ని పిలుచుకొని రా" అన్నాడు నాయన.

"పదిమంది ఏమిటికి నాయనా? ఇంజనుకు బలం ఉండాది. కంపెనీవాళ్లే సగం కట్టేసి పెట్టినారు."

"ఏమిటికి కట్టేస్తారురా?"

"చానా కాలం రావాలని."

"మనకు కావాల్సింది కూడా అదే కదరా?"

పాఠకులారా, నా జీవితంలో నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. జవాబు లేనప్పుడు చదువుకున్నవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను, ఇంగ్లీషులోకి దూకాను.

"దీన్ని ట్యూనింగ్ అంటారు నాయనా."

అడవిపందికి ఎదురుపోయే మనిషి ఆ ఒక్క మాటకు తగ్గిపోయాడు. "నువ్వు చదివినోడివి, నీకు తెలిసే ఉంటాది" అన్నాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

కటింగ్ ప్లయరుతో తీగె తెంచాను. సీసం బిళ్ల టపుక్కున బావిలో పడింది. మరను నాలుగు చుట్లు బిగించాను. ఇంజను ఒక్కసారి దగ్గి, మీసం మెలేసినట్టు అరిచి, నల్లటి పొగ ఆకాశానికి ఎత్తింది. ధార మళ్లీ మణికట్టంత అయింది. చెట్ల పాదులు నిండాయి. నాయన నా భుజం తట్టాడు. ఆ తట్టుడుకు నేను మూడంగుళాలు పెరిగాను.

పొగ చూసి సాయంత్రానికే రామాంజిని వచ్చాడు. "ఏమప్పా శీనా, మీ ఇంజనుకు ఏం తాపినావు? గర్జిస్తాండాది!"

"ట్యూనింగ్ చేసినాన్లే."

"నాదానికీ చెయ్యప్పా, నీకు పుణ్యముంటాది."

"సీలు తెంచాల్సొస్తాది మరి."

"సీలేమన్నా నీళ్లు పోస్తాదా? తెంచు!"

మర్నాడు ప్రెసిడెంటే స్వయంగా పిలిపించుకున్నాడు. కుర్చీ వేయించాడు. ప్రెసిడెంటు ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను, ఓటర్లు కూడా నేల మీదే. ఆ మర్యాదకు ఆయన ఇంజనుకు ఆరు చుట్లు బిగించాను.

ఇక తిప్పక్క మిగిలింది. నేనే పోయాను, పిలవకుండానే.

"నాకొద్దు నాయనా" అంది.

"దుడ్లు వద్దులే అక్కా, ఊరికే చేస్తా."

"అందుకే వద్దంటాండా. కంపెనీవాడు మూసిపెట్టింది నేను తెరవను. నా ఇంజను ముట్టుకుంటివా, చేతులు ఇరగ్గొడ్తా."

ఆమె పదిమందిని పిలిచి, మూడు రోజులు గట్టు తొలిపించి, రాగిసంకటి పెట్టి, ఇంజన్ని దించుకుంది. నేను బావి ఒడ్డున కూర్చొని నవ్వాను. "రాకెట్ల కాలంలో మోకులేంది అక్కా!"

"నవ్వు నాయనా. నీళ్లుండే దాకా నవ్వు" అంది కింద నుంచి.

పదో రోజుకు మా బావిలో నీళ్లు ఇంకా దిగాయి. ధార సన్నబడింది. మరో రెండు చుట్లు బిగించాను. ఇంజను గాలి పీల్చి గుర్రుమనడం తప్ప నీళ్లు పెరగలేదు. ఇంకో చుట్టు బిగించాను. టప్‌మని ఒక శబ్దం. ఇంజను తలకాయ నిలువునా పగిలి వేడినీళ్లు కక్కింది. ఆ వారంలోనే రామాంజినిది పగిలింది. ప్రెసిడెంటుది పగిలింది. మనుషులు నన్ను చూస్తే దారి మార్చుకోవడం మొదలైంది.

అంతలో తిప్పక్కది కూడా పగిలింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ వార్త వినగానే నేను గంతేశాను. నేను ముట్టుకోని ఇంజనూ పగిలిందంటే తప్పు నాది కాదు కదా! ఒక ఒంటరి ఆడమనిషి కష్టానికి సంతోషించిన మొదటి, చివరి మొగవాణ్ణి నేనే కావాలని కోరుకుంటున్నాను.

తిప్పక్క కంపెనీకి కార్డు రాయించింది. ఎవరితో? నాతోనే, ఊళ్లో తీరిగ్గా ఉన్న చదువరిని నేనేగా. పదిరోజులకు జవాబొచ్చింది. అది కూడా నేనే చదివి వినిపించాను.

"ఆ లాటులో ఇంజను తలలు పోతలోనే చెడిపోయినాయంట. తప్పు కంపెనీదేనంట. మీ ఊరికి నాలుగు కొత్త ఇంజన్లు గురువారం తెస్తారంట. కానీ..."

"కానీ ఏంది?"

"సీలు... సీలుండే వాళ్లకు మాత్రమేనంట."

నేను సీలు తెంచకుండా ఉంటే, మంచం మీద పడుకుని ఉన్నా సరే, గురువారం మా బావిలో కొత్త ఇంజను కూర్చునేది. ఏమీ చేయకపోవడం ఒక్కటే నేను చేయవలసిన పని. అదొక్కటే చేతకాలేదు. పగిలిన తలకు బదులు కొనాలంటే మద్రాసు నుంచి రావడానికి నెల పడుతుంది. మళ్లీ కపిల తోలుదామంటే ఎద్దుల్ని ఇంజను కోసం అప్పుడే అమ్మేశాం. చెట్లు వారం కూడా ఆగేలా లేవు. ఆకులు దొప్పల్లా ముడుచుకుంటున్నాయి. నాయన పొద్దున తోటకు పోవడం మానేశాడు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాకు ఆగడం రాదని మీకు తెలిసిపోయింది.

అడవిపందుల కోసం నాయన ఉంచుకున్న తుపాకీలో వేసే సీసం గుళ్లు నాలుగు తీశాను. పొయ్యి మీద కరిగిస్తుంటే అమ్మ వచ్చింది.

"పులుసు గరిటెలో ఏందిరా అది?"

"సీసం."

"దేనికి?"

"గ్యారంటీ పోసుకుంటాండా."

అమ్మ ఆ గరిటెను అప్పుడే వీధిలోకి విసిరింది. సీసం మాత్రం నేను దక్కించుకున్నాను. బిళ్లలు చేసి, కంపెనీ గుర్తు లాగా ఏదో ఒకటి ఉండాలి కదా అని నా చొక్కాకున్న నాలుగు బొక్కల ఇత్తడి గుండీ తెంపి దాంతో అచ్చు నొక్కాను. మూడు ఇంజన్లకూ తీగె కట్టి బిగించాను. దూరం నుంచి చూస్తే అద్భుతంగా ఉన్నాయి.

బషీర్ సాబు దూరం నుంచి చూడలేదు. గురువారం లారీలో నాలుగు కొత్త ఇంజన్లతో దిగి, నేరుగా వచ్చి ముక్కు ఆనించి చూశాడు. ముందు ప్రెసిడెంటుది, తర్వాత రామాంజినిది, చివరికి మాది. తిప్పక్క ఇంజను దగ్గర ఆయన చేతిగుడ్డతో మూడుసార్లు తుడిస్తే గానీ సీలు బయటపడలేదు, అంత జిడ్డు, దుమ్ము. మావి మూడూ పెళ్లికూతురి ముక్కుపుడకల్లా మెరుస్తున్నాయి.

"ఏమప్పా, ఈ కరువులో మీ ఊళ్లో సీళ్లు బాగా పండినాయే! నాలుగు బొక్కల పంట!" అని నా చొక్కా వైపు తిరిగాడు. "రెండో గుండీ యాడ పోయిందప్పా?"

జనం నవ్వారు. నేను నేలను చూస్తున్నాను. అప్పుడు బషీర్ సాబు నవ్వు ఆపి నాయన వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే రాసుకుంటా. ఈ సీలు నేను వేసిందేనా?"

ఒక్క "అవును" చాలు. లారీ మీద ఇంజను ఉంది. వెనక తోట ఉంది. నాయన తోట వైపు చూశాడు. నా వైపు చూశాడు. అబద్ధం చెప్పమని నేను మనసులో దేవుళ్లందరికీ మొక్కాను.

"కాదప్పా" అన్నాడు నాయన. "మావాడు తెంచినాడు. తెలిసినోడనుకొని నేను తెంచనిచ్చినా."

తిప్పక్క బావిలోకి కొత్త ఇంజను దిగింది. మిగతా మూడూ మా కళ్ల ముందే లారీ మీద అలాగే వెనక్కి పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో, ఇరవై ఒక్కేళ్ల మొగవాణ్ణి, గుండీ లేని చొక్కాలో ఏడ్చాను.

తిప్పక్కే నన్ను చూపిస్తూ నాయనతో మాట్లాడింది. "అన్నా, నా మడి తడిసినాంక మీ చెట్లకు నీళ్లిస్తా. మీ చేను మెరక, కాలవ పారదు. ఈయప్పే కావడి మోసుకోవల్ల. కానీ నా ఇంజన్ని ముట్టుకోకూడదు. ఈయప్ప చేతులకు ఎవురు పూచీ?"

"దానికి నాకాడ మందుండాదమ్మా" అన్నాడు బషీర్ సాబు. సంచిలోంచి తీగె తీశాడు. నా కుడి మణికట్టుకు చుట్టాడు. అసలైన సీసం బిళ్ల ఎక్కించి, అసలైన పటకారుతో, అసలైన కంపెనీ గుర్తు పడేలా నొక్కాడు. "ఏడాది గ్యారంటీ. ఈ సీలు తెగితే నీ ఇంజన్ గ్యారంటీ కూడా ఖతమమ్మా!"

ఆ వేసవంతా సీలు వేసిన చేత్తో కావడి మోశాను. చెట్టుకు రెండు బిందెలు. భుజాలు పుండ్లయ్యాయి. అయినా తొంభై చిల్లర చెట్లు ఎండిపోయాయి. బతికినవాటి పిందెలు కూడా ఒక్కటి మిగలకుండా రాలాయి. నాయన ఒక రాలిన పిందెను తీసి, వేలి వెనక వైపుతో ఒకసారి తాకి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మరుసటి ఏడు మిగిలిన చెట్లు కాశాయి. మొదటి గంప తిప్పక్క ఇంటికి పోయింది. ఆ రోజుల్లోనే నాకు పెళ్లిచూపులు. పిల్ల తండ్రి నా మణికట్టు వంక అదేపనిగా చూసి అడిగాడు, "అబ్బాయి చేతికి అదేందన్నా, మొక్కుబడా?"

పది నెలలుగా నాతో సరిగా మాట్లాడని నాయన గంభీరంగా సమాధానమిచ్చాడు.

"సీలప్పా. మావానికి ఇంకా రెండు నెల్లు గ్యారంటీ ఉండాది. ఆ లోపల చెడిపోతే వెనక్కి తీసుకుంటాం."

పిల్ల తలుపు వెనక నుంచి పకపకా నవ్వింది. ఆమెనే చేసుకున్నాను.

కాబట్టి భూమ్యాకాశాల సాక్షిగా, బషీర్ సాబు పటకారు సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: సక్రమంగా గానీ, అక్రమంగా గానీ, ఏ యంత్రం మరనూ ఈ జన్మలో తిప్పను. మా ఇంట్లో గోడగడియారం ముప్పై ఏళ్లుగా రోజుకు పది నిమిషాలు వెనకబడుతోంది. సరిచేయండి అని మా ఆవిడ అడిగినప్పుడల్లా నేను నా కుడి మణికట్టు చూపిస్తాను. సీలు ఎప్పుడో తీసేశాను. మచ్చ ఉంది. ఆమె స్టూలు వేసుకుని తనే ఎక్కుతుంది.