కోచ్ అన్నది, నేను చెప్పింది

నా మర్యాద వల్ల ఒక ఫుట్‌బాల్ జట్టు మూతపడబోయింది. అమర్యాద వల్ల కాదు, అచ్చంగా మర్యాద వల్లే. తెలివి తక్కువై నష్టం చేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు, నేను మంచితనం ఎక్కువై చేశాను అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. తీరిగ్గా ఆలోచిస్తే రెండూ ఒకటేనని తేలింది.

అది కంప్యూటర్లన్నీ రాబోయే రెండువేల సంవత్సరంలోని చివరి రెండు సున్నాలకి భయపడుతున్న ఏడాది. మెల్‌బోర్న్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని వెతికి నాలుగంకెలు చేయడం నా ఉద్యోగం. మార్చిన ప్రతి లైనుకీ ముందు ఏముంది, తర్వాత ఏముంది అని రెండు గడుల్లో రాసి సంతకం పెట్టాలి. ఆ పనిలో మూడు నెలలుంటే మనిషి పప్పులో ఉప్పు వేసినా రాసుకుంటాడు. నేనూ జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకు తిరిగేవాణ్ణి. ఆ పుస్తకం సంగతి చివర్లో వస్తుంది.

ఉద్యోగం చేస్తూనే యూనిలో, అంటే ఇక్కడి యూనివర్సిటీలో, మాస్టర్స్‌కి చేరాను. చేరిన వారంలో పచ్చిక మీద వరసగా బల్లలు వేసి ఒక్కో క్లబ్బువాళ్ళు పిల్లల్ని పిలుస్తున్నారు. ఒక బల్ల మీద ఫుట్‌బాల్ అని రాసుంది. దాని వెనక అరవైకి దగ్గర పడ్డ ఒక పెద్దాయన. ట్రామ్ నడిపి నడిపి రిటైరైనవాడట, గొంతు మాత్రం ఇంకా గంట కొడుతూనే ఉంది.

"ఫుట్‌బాల్ ఆడతావా మేట్?"

మా ఊరి కాలేజీలో నేను గోల్‌కీపర్ని. రిజర్వు. అంటే అసలు గోల్‌కీపర్‌కి జ్వరం రావాలని రెండేళ్ళు ఎదురుచూసినవాణ్ణి. తల అటూ ఇటూ ఊపాను. ఆయన దాన్ని అవునని తీసుకున్నాడో, కాదన్నా వదలదలచుకోలేదో గానీ పేరు రాసేసుకున్నాడు.

మంగళవారం మైదానానికి వెళ్తే బంతి గుండ్రంగా లేదు, ముదిరిన దోసకాయలా ఉంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఆస్ట్రేలియావాళ్ళ సొంత ఆటట. దాన్ని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పట్టుకున్నవాణ్ణి కింద పడేయొచ్చు. చేయకూడనిది ఏమిటో ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా నాకు పూర్తిగా అంతుపట్టలేదు. బంతి నా వైపు వచ్చినప్పుడల్లా నేను మంచి వేగంతో దానికి దూరంగా వెళ్ళాను.

ఆ పెద్దాయనే కొత్త కోచ్. నన్ను పక్కకి పిలిచాడు. "నీ పరుగు బాగుంది మేట్. దిశే తేడా. నువ్వు నా రన్నర్‌వి."

ఈ ఆటలో రన్నర్ అంటే కోచ్ వార్తాహరుడు. మైదానం పెద్దది, కేక వేస్తే ఆ చివరికి వినపడదు. కోచ్ గట్టు మీద నిలబడి ఒక మాట అంటే, మెరిసే ఆకుపచ్చ బనీను వేసుకున్న రన్నర్ లోపలికి పరిగెత్తి, ఆటగాడి చెవిన వేసి, మళ్ళీ బయటికి రావాలి. రాయబారం అన్నమాట. ఆ మాటలో రాయీ ఉంది, భారమూ ఉంది, ఆ రోజు గమనించలేదు.

జట్టు పరిస్థితి చెప్పాలి. అట్టడుగు డివిజన్‌లో అట్టడుగు జట్టు. రెండేళ్ళుగా ఒక్క ఆటా గెలవలేదు. రెండు సున్నాలంటే ప్రపంచమంతా హడలిపోతోంది గానీ స్కోరుబోర్డు మీద సున్నాలు మావాళ్ళకి కొత్తేం కాదు. గెలిచిన రోజున జట్టంతా గుండ్రంగా నిలబడి క్లబ్బు పాట పాడటం ఇక్కడి ఆచారం. ఆ పాట రాసిన ఫ్రేము బట్టలు మార్చుకునే గదిలో గోడవైపు ముఖం తిప్పుకుని వేలాడుతోంది. గెలిచేదాకా తిప్పకూడదట. యూని ఆటల ఆఫీసువాళ్ళు కోచ్‌కి ఒకటే మాట చెప్పారు: ఈ సీజన్లో ఒక్కటంటే ఒక్క గెలుపు. లేదంటే క్లబ్బు మూసేసి మైదానం హాకీ వాళ్ళకి ఇచ్చేస్తాం.

ఆడటానికి పద్దెనిమిది మంది కావాలి. మొదటి రోజు వచ్చింది పదకొండు మంది. కోచ్ లైబ్రరీకి వెళ్ళి, పొడుగ్గా ఉన్నవాళ్ళందర్నీ లేచి నిలబడమన్నాడు. నలుగురు దొరికారు. ఇంకొకణ్ణి చదరంగం క్లబ్బు నుంచి ఎత్తుకొచ్చాడు. ప్రాక్టీసుకి రానివాడి క్లాసు బయట మర్నాడు ఆయన నిలబడి ఉండేవాడు, చేతులు కట్టుకుని, ఏమీ అనకుండా. నెల తిరిగేసరికి పద్దెనిమిదికి పైనే అయ్యారు. కెప్టెన్ పశువైద్యం చదివే ఆరడుగుల మనిషి. మా గోల్ దగ్గర కాపలా అతనిదే.

ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆటలోనే కోచ్ నన్ను పిలిచి, "పోయి కెప్టెన్‌ని అడుగు, వాడు గోల్ దగ్గర నిలబడ్డాడా, ట్రామ్ స్టాప్‌లో నిలబడ్డాడా?" అన్నాడు. నిజానికి అన్నదాంట్లో ఇంకో నాలుగు మాటలున్నాయి, అవి అచ్చుకి పనికిరావు.

పరిగెత్తాను. సగం దూరంలోనే నాలో మా నాన్న మేల్కొన్నాడు. మా నాన్న ఊళ్ళో సంబంధాలు కుదిర్చేవాడు. పిల్లవాడు నల్లగా ఉన్నాడని ఆడపెళ్ళివారు పెదవి విరిస్తే, మగపెళ్ళివారి దగ్గర "కుర్రాడు కళగా ఉన్నాడన్నారు" అనేవాడు. పిల్ల గయ్యాళిలా ఉందంటే "చలాకీగా ఉందన్నారు". ఆయన కుదిర్చిన పెళ్ళి ఒక్కటీ చెడలేదు. ఒకరి కోపం ఇంకొకరి ముఖాన విసరకూడదన్నది మా ఇంట్లో ఉగ్గుపాలతో పెట్టిన పద్ధతి.

"చాలా బాగా ఆడుతున్నారని కోచ్ అన్నారు," అన్నాను కెప్టెన్‌తో. "మీకు ఇబ్బంది లేకపోతే కాస్త చురుగ్గా ఉంటే ఇంకా బాగుంటుందన్నారు."

కెప్టెన్ ముఖం వికసించింది. "నిజంగానా? చూస్తే అలా కనపడడు గానీ, మంచివాడే."

అద్దె ఇంట్లో నాతోపాటు ఒక వరంగల్ కుర్రాడు ఉండేవాడు. వాడూ ప్రోగ్రామరే. సాయంత్రం సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అంటే గా ముసలాయన తిడ్తడు, నువ్వు ఉర్కి పోయి ముద్దు వెట్టొస్తవ్. గంతేనా అన్నా?"

"తిడితే ఎవరు ఆడతార్రా? మనసులు విరిగిపోవూ?"

"మనసులిర్గుతె అతుక్కుంటయ్ అన్నా. మ్యాచ్ వోతె రాదు."

వాడి మాట పట్టించుకోలేదు. అలవాటు కొద్దీ పుస్తకంలో మాత్రం రెండు గడులు గీశాను: అన్నది, చెప్పింది. ఏదైనా మార్చినప్పుడు రాసిపెట్టుకోవాలి కదా. వారాలు గడిచాయి. మావాళ్ళు సంతోషంగా వచ్చేవాళ్ళు, సంతోషంగా ఆడేవాళ్ళు, సంతోషంగా ఓడేవాళ్ళు. ఓడే తేడా మాత్రం తగ్గుతూ వచ్చింది.

సీజను సగం దాటాక ఒక శనివారం మేమే ముందున్నాం. ఆట ఇంక పది నిమిషాలు. కెప్టెన్ చీలమండ మెలిపడింది, కుంటుతున్నాడు. కోచ్ నా బనీను పట్టుకుని, "వాణ్ణి బయటికి లాక్కురా. ఇప్పుడే. ఈ క్షణమే!" అన్నాడు.

నేను వెళ్ళి చెప్పింది ఇదీ: "మీకు వీలు చూసుకుని ఒకసారి బయటికి వస్తే బాగుంటుందని కోచ్ అభిప్రాయం."

"ఇప్పుడు వీలు కాదని చెప్పు," అన్నాడు కెప్టెన్, పళ్ళబిగువున. పాపం, అభిప్రాయమే కదా అనుకున్నాడు. అతను కాపలా కాయాల్సిన అవతలి జట్టు ఆటగాడు అతని పక్కనుంచి, దాదాపు నడుచుకుంటూ వెళ్ళి, ఆరేసి పాయింట్ల గోల్స్ రెండు కొట్టాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఫ్రేము గోడవైపే ఉండిపోయింది.

గదిలో కోచ్ కెప్టెన్ మీద విరుచుకుపడ్డాడు. "రమ్మంటే ఎందుకు రాలేదు?"

"వీలైనప్పుడు రమ్మన్నారుగా!"

"వీలైనప్పుడా? నేనా?" కోచ్ మెల్లగా నా వైపు తిరిగాడు. ఆయనతోపాటు పద్దెనిమిది తలలు తిరిగాయి.

ఒప్పుకున్నాను. కోచ్ కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు, అదే బాధ. "చూడు మేట్, నువ్వు పరిగెత్తేది నా మాట మోయడానికి, దానికి చక్కెర పూయడానికి కాదు. ఇకనుంచి నేనన్నది అన్నట్టే చేరాలి. ఒక్క అక్షరం మార్చకు." పరుగు పెట్టమంటే నేను పరువు కాపాడుతూ కూర్చున్నాను. ఆ పరువులో క్లబ్బు ప్రాణం పోయేలా ఉంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ రాత ఇక్కడితో అయిపోయేది. మంగళవారం ప్రాక్టీసులో ఆయన అందరి ముందూ నడుం వంచి, తల అటూ ఇటూ ఊపి, "మీకు ఇబ్బంది లేకపోతే బంతిని పట్టుకోగలరా, సార్?" అని నాలా నటించి చూపించాడు. జట్టంతా పచ్చిక మీద దొర్లింది. ఆ రోజునుంచి నా పేరు అంబాసిడర్. మా ఊళ్ళో అంబాసిడర్ అంటే నలుగురు దిగి నెడితే గానీ కదలని కారని ఆయనకి తెలియదు, తెలిసుంటే ఇంకా సంతోషించేవాడు. ప్రతి ప్రాక్టీసులో ఆ నటన ఒకసారి ఉండాల్సిందే. నవ్వాను, నవ్వకపోతే బాగుండదు కదా. లోపల మాత్రం రాసిపెట్టుకున్నాను.

తిట్లు పొల్లుపోకుండా అప్పజెప్పడం తేలిక కాదు. వంటింట్లో పెనం ముందు నిలబడి సాధన చేసేవాణ్ణి.

"ఎవల్ని తిడ్తున్నవ్ అన్నా? దోశెనా, నన్నా?" అనేవాడు వరంగల్ కుర్రాడు తలుపులోంచి.

"హోంవర్క్ రా."

"జర గట్టిగ అను. గట్లంటె దోశె గూడ తిరగవడదు."

మాటలు ఉన్నదున్నట్టు చేరడం మొదలయ్యాక మావాళ్ళ ముఖాలు ముడుచుకున్నాయి గానీ కాళ్ళు సాగాయి. కోచ్ ఒక్కటి మాత్రం మరిచిపోయాడు. ఆయన ఆజ్ఞ ఇటునుంచి అటు వెళ్ళే మాటలకే. అటునుంచి ఇటు వచ్చే జవాబుల గురించి ఏమీ చెప్పలేదు. కెప్టెన్ పంపే జవాబులు కోచ్ తిట్లకన్నా రెండాకులు ఎక్కువే చదివాయి. అవి మా నాన్న వయసు మనిషికి ఎలా చెప్పను? "'అలాగే కోచ్' అన్నాడు" అనేవాణ్ణి. పుస్తకంలో మాత్రం రెండు గడులూ నింపేవాణ్ణి. కోచ్ మీసం దువ్వేవాడు. "చూశావా అంబాసిడర్? నా మాటంటే మాటే. నీ చక్కెర లేకపోతే వాళ్ళే దారికొచ్చారు."

అలా సీజన్లో చివరి శనివారం వచ్చింది. గెలిస్తే క్లబ్బు ఉంటుంది, లేకపోతే హాకీ. చివరి ఐదు నిమిషాలకి నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఒక్క గోల్ కొడితే ఆరు పాయింట్లు. సరిగ్గా అప్పుడే కోచ్ గొంతు పోయింది. సీజనంతా కొట్టిన గంట ఠక్కున ఆగిపోయింది. నా చెవి దగ్గర గాలిలాంటి మాట: "కెప్టెన్. అవతలి గోల్‌కి. ఇప్పుడే."

పరిగెత్తి ఆ మూడు ముక్కలూ చెప్పాను. కెప్టెన్ చేయి విదిలించాడు. "నేను కదిలితే ఇక్కడెవరు? కుదరదని చెప్పు."

ఒక్క అక్షరం మార్చకూడదు. అలా అని ఆ మూడు ముక్కలకి ఈ మనిషి కదలడు. వాటి వెనక ఉండాల్సిన తిట్టు గట్టు మీద ఆగిపోయింది. నాకొచ్చిన ఇంగ్లీషు తిట్లన్నీ కోచ్ దగ్గర అరువు తెచ్చుకున్నవే, ఆ కంగారులో ఒక్కటీ నోటికి రాలేదు, తెలుగే తన్నుకొచ్చింది.

"కుదరదేంట్రా కుదరదు! దున్నపోతులా పెరిగావు, ఇక్కడ నిలబడి ఎవరి పెళ్ళికి పందిరేస్తున్నావు? నడువ్ అవతలికి!"

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. కెప్టెన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అది... అది కోచ్ మాటేనా?"

"అక్షరం పొల్లుపోలేదు," అన్నాను ఇంగ్లీషులో. ఈసారి పూసింది చక్కెర కాదు, కారం.

వెళ్ళాడు. నిమిషం తర్వాత బంతి అక్కడికే వచ్చింది. ఇద్దరి తలల మీదుగా అందుకుని, వెనక్కి నాలుగు అడుగులు నడిచి, తన్నాడు. రెండు స్తంభాల మధ్యనుంచి బంతి దూసుకుపోయింది. తెల్లకోటు అంపైరు గోల్ అన్న గుర్తుగా రెండు జెండాలూ ఊపాడు. మేం రెండు పాయింట్లు ముందుండగా ఆట ముగిసే సైరన్ మోగింది.

గదిలో ఫ్రేము తిప్పారు. వెనకున్న గోడ దానికన్నా శుభ్రంగా ఉంది. మొదటి లైను తప్ప ఎవరికీ రాదు, అయినా పాట మూడుసార్లు పాడారు. నారింజ ముక్కల బేసిన్ పట్టుకుని కోచ్ భార్య గుమ్మంలో నిలబడింది. కోచ్ బల్ల ఎక్కాడు. నోరు తెరిచాడు, గాలి వచ్చింది. భార్యని పిలిచి చెవిలో చెప్పాడు.

"అందరికీ థ్యాంక్స్ అంటున్నాడు," అంది ఆవిడ. ఆయన ఇంకేదో చెప్పాడు. "ఈ జట్టుని నిలబెట్టింది క్రమశిక్షణట. ఇన్ని వారాల్లో ఒక్కడు కూడా తనకి ఎదురు చెప్పలేదట. కావాలంటే అంబాసిడర్‌ని అడగండి అంటున్నాడు."

అందరూ నవ్వుతూ నా వైపు చూశారు. కోచ్ బల్ల మీదే నడుం వంచి, తల అటూ ఇటూ ఊపి, అదే నటన మళ్ళీ చేశాడు. 'మీకు ఇబ్బంది లేకపోతే' అన్నట్టు చేయి చాపాడు.

నాకేం ఇబ్బంది లేదు. జేబులోంచి పుస్తకం తీశాను.

"పదో ఆట, రెండో క్వార్టరు," అని చదివాను. "కెప్టెన్ అన్నది: ట్రామ్‌కి వేసినట్టు నోటిక్కూడా ఒక బ్రేకు వేసుకోమను. నేను చెప్పింది: అలాగే కోచ్."

కెప్టెన్ తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

"అదే ఆట, మూడో క్వార్టరు. అన్నది: ఆ ముసలాయన్ని వచ్చి ఆడమను, మోకాలు ఎటు వంగుతుందో చూసి వైద్యం చేస్తాను, నాకు గుర్రాల వైద్యం వచ్చు. చెప్పింది: తప్పకుండా కోచ్."

కోచ్ భార్య బేసిన్ కింద పెట్టి గోడకి ఆనుకుంది. అంతగా నవ్వే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. "ఆగకు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆగలేదు. పదకొండు పేజీలు, ప్రతి పేజీకీ రెండు గడులు. ఒక్క అక్షరం మార్చలేదు. మధ్యలో కోచ్ వేలు చూపిస్తూ, మెడ నరాలు ఉబ్బేలా, ఆవిడ చెవిలో చాలాసేపు ఏదో చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా వింది, తల ఊపింది, నా వైపు తిరిగింది.

"చాలా బాగా చదివావు అంటున్నాడు," అంది.