వాడిపోని ఆకు

సంచుల ఫ్యాక్టరీలో ప్రింటింగ్ మిషన్ నడిపే పెద్దాయన గోళ్లకు పచ్చరంగు ఎంత తోమినా వదలదు. మామూలు ప్లాస్టిక్ సంచి మీద ఆకుబొమ్మ, కింద 'మట్టిలో కలిసిపోతుంది' అన్న అబద్ధం. రోజంతా తల వంచుకుని అదే అచ్చేస్తాడు. ఆ ముక్క నమ్మి ఆయన చెల్లెలు వంటింటి చెత్తను సంచులతో సహా పెరట్లో పాతిపెట్టింది. ఏడాదికి తవ్వి చూస్తే అవి చెక్కుచెదరలేదు.

"చూడన్నయ్యా, నా వంగమొక్కలన్నీ చచ్చాయి, నీ ఆకు మాత్రం నవనవలాడుతోంది!"

మర్నాడు పెద్దాయన మట్టికొట్టుకున్న ఒక సంచిని తెచ్చి యజమాని బల్లమీద విసిరికొట్టాడు. "వీటి మీద ఆకు వెయ్యకూడదని రూలుంది కదండీ!"

యజమాని నవ్వాడు. "రూలు చదివి సంచి కొనేదెవడయ్యా? పోయి పని చూసుకో."

"ముందు దీన్ని కుళ్లబెట్టి చూపించండి. అప్పటిదాకా మిషన్ తిప్పను," అని పెద్దాయన పచ్చగోళ్ల చేతులు కట్టుకుని అక్కడే కూర్చున్నాడు.