పెద్ద టీచరుగారి మెంతిపొడి

మెంతులు దోరగా వేగే వాసన ఏ ఇంట్లోంచి వచ్చినా నాకు విజయనగరంలో మా హెడ్మిస్ట్రెస్ సత్యవతిగారే గుర్తొస్తారు. అరవయ్యో దశకం చివర్లో ఆవిడ బడిలో సైన్సు టీచరుగా చేరి, వాళ్లింట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. మనిషి మంచిదే గాని మాట కరుకు. నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, నేనేం చెప్పినా అది నీకెలా తెలుసు అని అడిగేవారు. పుస్తకంలో ఉందండీ అంటే ఒప్పుకునేవారు కాదు. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లోనే విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి, ఆవిడ రక్తంలో కొవ్వు ఎక్కువుందన్నారు. నెయ్యి, వేపుళ్లు మానేయమంటే మానేశారు. అత్తగారు నరసమ్మగారికి అది చాలలేదు. రోజూ పొద్దున్నే మజ్జిగలో మెంతిపొడి కలిపిచ్చి, కోడలు తాగేదాకా ఎదురుగా నిలబడేవారు. కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయిస్తే కొవ్వు తగ్గింది. ఇక నరసమ్మగారిని పట్టలేకపోయాం. వీధిలో ఎవరు కనబడినా పొడి గురించే చెప్పేవారు.

అది విని పక్కింటి అప్పలనాయుడు వచ్చాడు. జూటుమిల్లులో పని. అంతకుముందే గుండెనొప్పి వచ్చి చావు తప్పించుకున్నవాడు. డాక్టరిచ్చిన మాత్రలు మానేసి ఈ పొడే పుచ్చుకుంటానన్నాడు. నరసమ్మగారి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం భయమేసింది. సత్యవతిగారు దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టారు.

"నేను నెయ్యి కూడా మానీసేను గదా, నాయుడు బావా. ఏది పని సేసిందో నాకు తెల్దు. నువ్వు మాత్రలు మానకు."

అత్తగారు చివాల్న లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత కోడలికి మజ్జిగ ఇవ్వడం మానలేదు గాని, మాట్లాడటం మానేశారు. పెద్దావిడ మనసు నొప్పించకుండా చెప్పి ఉండొచ్చు కదా అని నాకూ కోపం వచ్చింది.

నాయుడు ఊరుకుంటాడా? ఆదివారం సత్యవతిగారు ఇంట్లో లేని వేళ చూసి పెరటిదారిన వచ్చాడు. నేను నూతి దగ్గర బట్టలుతుకుతున్నాను. నరసమ్మగారు మజ్జిగ కలిపారు గాని గ్లాసు చేతికివ్వలేదు. ముందు మాత్ర తెచ్చి తన ఎదురుగా మింగమన్నారు.

"ఏటి పిన్నీ, నీ పొడి మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మకం ఉన్నాది. కానీ నా కోడలు తెల్దని సెప్పింది. అది ఊరికినే అనదు. ఎల్లి మాత్ర తే."

అతను సణుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్నాడు, మింగాడు, అప్పుడు తాగాడు. చాలా ఏళ్లు బతికాడు.

ఇప్పుడు ఫలానా గింజలు తింటే కొవ్వు తగ్గుతుందా అని నన్నూ అడుగుతుంటారు. తెలిసినంత చెప్పి, మిగతాది తెలియదంటాను. ఆ మాట అనడానికి మొదట్లో సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు అన్నప్పుడల్లా, కోడలి మీద అలిగి కూడా కోడలి మాట కోసం మజ్జిగ గ్లాసు వెనక్కి పట్టుకుని నిలబడ్డ నరసమ్మగారే నా కళ్ల ముందుంటారు.